నంబరు లేని కరెంటు బండి

మా బొగ్గుబాయి మీద ల్యాంపు రూంలో ఒక పద్ధతి ఉండేది. అది ఎవరూ బోర్డు మీద రాయలేదు, ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పలేదు. చార్జింగ్‌కు పెట్టిన ఒకరి ల్యాంపును ఇంకొకరు ముట్టరు. అంతే.

బాయి నుంచి పైకి వచ్చిన మనిషి టోపీకున్న లైటు, నడుముకున్న బ్యాటరీ విప్పి కిటికీలో ఇస్తాడు. మేము దాన్ని అతని నంబరున్న గూట్లో పెట్టి చార్జింగ్‌కు తగిలిస్తాం. మళ్ళీ షిఫ్టుకు వచ్చినప్పుడు అదే ల్యాంపు అతనికి ఇస్తాం. గూడు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. షిఫ్టు దిగిపోయాక కూడా ఒక గూడు ఖాళీగా కనబడితే మా చేతులు ఆగిపోయేవి. అందుకే యూనియన్ల కొట్లాటలో ఒకరి గల్లా ఒకరు పట్టుకున్నవాళ్ళు కూడా ఎదుటివాడి ల్యాంపు జోలికి పోయేవారు కాదు. కింద చీకట్లో ఆ లైటు ఆరిపోతే ఏమవుతుందో వాళ్ళందరికీ తెలుసు.

ఆ పద్ధతిలో బతికిన మనిషే నా బండి చార్జింగ్ పీకాడు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. చల్లారనివ్వాలని కూడా లేదు.

ముందు నా సంగతి చెప్పాలి. మా ఇంటాయన గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేస్తూ పైకప్పు కూలి చనిపోయాడు. ఆయన ఉద్యోగం బదులు కంపెనీ నాకు బాయి మీద పని ఇచ్చింది. ఆడవాళ్ళను కిందికి దింపరు కాబట్టి చీపురు చేతికిచ్చారు. బొగ్గు జల్లెడ పట్టేకాడ రాలిన దుబ్బ ఊడ్చడం నా పని. ఒక దిక్కు ఊడ్చి తిరిగేసరికి ఇంకో దిక్కు మళ్ళీ నల్లగా పరుచుకునేది. అన్నం తిన్నా పళ్ళ కింద బొగ్గు కరకరమనేది.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ల్యాంపు రూంలో ఒక పెద్దాయన ఉండేవాడు, అందరూ కాకా అని పిలిచేవారు. ఆయన ఒకరోజు నన్ను లోపలికి పిలిచి, గూళ్ళ వరసలో రేకుముక్క కొట్టి మూసేసిన ఒక గూడు చూపించాడు.

"గిది మీ ఆయన గూడు బిడ్డా. గీ నంబరు నేను ఎవ్వలకూ ఇయ్య. ఇచ్చినా ఎవ్వలూ తీసుకోరు."

దాని మీద తెల్ల రంగుతో రాసి ఉంది. నాలుగు, ఒకటి, ఏడు. నేను గుర్తుపట్టడం నేర్చుకున్న మొదటి అంకెలు అవే. తర్వాత కాలనీ హాల్లో సాయంత్రాలు ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే పోయి కూర్చున్నాను. పలక మీద అ, ఆలు దిద్దుతుంటే నా కంటే చిన్న ఆడపిల్లలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నవ్వనీ అనుకున్నాను. నంబర్లు చదవడం, పేర్లు చదవడం వచ్చాక కాకా పట్టుబట్టి నన్ను ల్యాంపు రూంలోకి తీసుకున్నాడు. చీపురు పోయి కిటికీ వచ్చింది. టోకెన్ చూసి, నంబరు చదివి, ల్యాంపు వెలిగించి చూసి మనిషి చేతికివ్వడం నా పని అయింది. నా బతుకులో నేను కష్టపడి సంపాదించుకున్న స్థలం ఏదన్నా ఉందంటే ఆ కిటికీయే.

ఆ కిటికీ దగ్గరికి ఫస్ట్ షిఫ్టుకు టైంకు చేరడమే పెద్ద గోస. మా క్వార్టర్ ఒక దిక్కు, బాయి ఇంకో దిక్కు. మధ్యలో ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టి కుప్పల పక్క నుంచి ఎగుడుదిగుడు రోడ్డు. పొద్దున్నే షేర్ ఆటోలు ఉంటాయి గానీ, మనుషులు నిండితే తప్ప కదలవు. నిండినంక ఆడమనిషి ఎక్కితే డ్రైవర్ పక్కన అంచు మీద కూర్చోమనేవారు. గేరు వేసేటప్పుడల్లా డ్రైవర్ మోచేయి ఎక్కడ తగిలేదో నేను చెప్పనక్కరలేదు. ఒకనాడు "చెయ్యి దగ్గర పెట్టుకో" అని గట్టిగా అన్నందుకు, "గంత పట్టింపున్నామెవు కారు కొనుక్కోరాదు" అన్నాడు. ఆటో అంతా నవ్వింది. అందులో మా బాయి వాళ్ళే ఎక్కువ.

కారు కొనలేదు. కరెంటు బండి కొన్నాను.

అప్పుడప్పుడే అవి వస్తున్నాయి. పెద్దపల్లిలో ఒక దుకాణంలో కనబడింది. చిన్న స్కూటర్ లాగా ఉంది. పెట్రోలు వద్దు, గేర్లు లేవు, లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా అక్కర్లేదు. రాత్రి ఇంట్లో ప్లగ్గుకు తగిలిస్తే పొద్దున తిరుగుతుంది. ల్యాంపు చార్జింగ్ పెట్టే మనిషికి ఇంకేం చెప్పాలి! నాకు ఆ బండి చూడగానే చుట్టం లాగా అనిపించింది. కోల్‌బెల్టు గ్రౌండ్‌లో రెండు ఆదివారాలు కింద మీద పడి నేర్చుకున్నాను.

కాలనీలో దానికి పేర్లు పెట్టారు. ఒకడు ఇస్త్రీపెట్టె అన్నాడు. ఒకడు బొమ్మబండి అన్నాడు. ముసలామె ఒకతి నన్ను ఆపి, "మొగడు పోయిన మనిషివి, బండెక్కి ఊరేగుడేంది?" అని అడిగింది. "ఊరేగుత లేనవ్వా, డ్యూటీకి పోతున్న" అన్నాను. "డ్యూటీకైతే నడిచిపో" అంది. ఆమె కొడుకు పక్క సందుకు బీడీలకు పోవాలన్నా మోటార్ సైకిల్ స్టార్ట్ చేసేవాడు. ఆ సంగతి ఆమెకు కనబడలేదు.

ఆ బండి తయారుచేసినవాళ్ళు మా రోడ్లను చూడలేదని మొదటి వానకే తెలిసింది. నల్లనీళ్ళు కాళ్ళు పెట్టుకునేకాడికి ఎక్కి లోపలికి దిగి, బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. కరెంటును అదుపుచేసే డబ్బా అక్కడే, కాళ్ళ కింద ఉంటుందట. చౌరస్తా దగ్గర ఒక మెకానిక్ భాయ్ ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. పెట్రోలు బండ్లు తప్ప ఇలాంటిది ఆయనా ఎన్నడూ విప్పలేదు. చుట్టూ తిరిగి చూసి, "అక్కా, ఇది బండి గాదు, పెద్ద టార్చిలైటు" అన్నాడు.

"టార్చిలైటైతే నాకే బాగ తెలుసు భాయ్. ఆ డబ్బా తీసి సీటు కిందికి ఎక్కియ్యి."

ఎక్కించాడు. పాత కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్క కోసి ముందుచక్రానికి బురద తగలకుండా రెక్క కట్టాడు. ఎగుడుదిగుడు రోడ్డుకు తట్టుకునేటట్టు వెనక స్ప్రింగులు గట్టివి వేశాడు. ఇంకో తిప్పలేమంటే, బండికి చప్పుడు లేదు. వెనక నుంచి పోతే మనుషులు జరగరు, బర్రెలు అసలే జరగవు. దానికున్న హారన్ పిట్టకూత లాగా ఉండేది. పెద్ద హారన్ పెడితే బ్యాటరీ తాగుతుందని, భాయ్ ఎక్కడి నుంచో నొక్కితే బొయ్‌మనే పాత రబ్బరు హారన్ తెచ్చి బిగించాడు. మొదటిరోజు నేను కాలనీలోకి రాగానే పిల్లలు ఐస్‌క్రీం బండి అనుకుని గిన్నెలు పట్టుకుని ఉరికొచ్చారు. ఆరోజు నేను కూడా కడుపు పట్టుకుని నవ్వాను. కొందరు మగవాళ్ళు, లోపల ఒక వైరు కోసేస్తే స్పీడు పెరుగుతుందని చెప్పారు. నాకు స్పీడు వద్దు. టైంకు చేరితే చాలు.

ఇక చార్జింగ్. మాది నాలుగు క్వార్టర్ల బ్లాకు. కింద రెండు, పైన రెండు. నాది పైన. బండి మెట్ల కింద పెట్టి, మా వంటింటి కిటికీలోంచి వైరు కిందికి వదిలి, దాని కొసకు ప్లగ్గు పెట్టి చార్జర్ తగిలించేదాన్ని. చార్జర్ మీద చిన్న లైటు ఉంటుంది. ఎక్కుతున్నప్పుడు ఎరుపు, నిండితే పచ్చ.

కంపెనీ క్వార్టర్లలో కరెంటుకు మేము బిల్లు కట్టేది లేదు. అందుకే ఇంటింటికీ హీటర్ ఉంటుంది. మట్టిపళ్ళెంలో స్ప్రింగు తీగ ఎర్రగా కాలేది. అన్నం దాని మీదే, కూర దాని మీదే, స్నానానికి నీళ్ళు దాని మీదే. నాకూ ఒకటి ఉంది, లేదని అనను. హీటర్లు వాడొద్దని ఆఫీసు వాళ్ళు అప్పుడప్పుడు కాగితం అంటించేవారు. ఆ కాగితం చింపి ఎవరో ఒకరు పొట్లం కట్టుకునేవారు. సాయంత్రం అన్నం వేళకు బ్లాకులో హీటర్లన్నీ ఒక్కసారే అంటుకుంటే మెట్ల కింద బ్లాకంతటికీ ఉన్న ఒక్క ఫ్యూజు టప్పుమనేది. నేను బండి కొనకముందు కూడా అనేది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంటూనే ఉంది.

బండి వచ్చాక మాత్రం దానికి ఒక దొంగ దొరికినట్టయింది.

కింది క్వార్టర్‌లో ఉండే అతను మా ఇంటాయనతో ఒకే గ్యాంగులో పనిచేశాడు. ఆయన్ను అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. నేను తమ్మీ అనేదాన్ని. ఆయన పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో ఒకడు. అందుకే నాకు అతని మీద అనుమానం రాలేదు.

వానాకాలం పోయేసరికి నా బండి సగం దూరంలోనే నీరసపడడం మొదలైంది. పొద్దున దిగి చూస్తే ప్లగ్గు తగిలే ఉంది, చార్జర్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. రాత్రంతా పెట్టినా పచ్చ రావడం లేదు. బ్యాటరీ పోయిందనుకుని పెద్దపల్లి దుకాణానికి తీసుకుపోయాను. అక్కడున్న పిలగాడు బండి వైపు చూడలేదు, నా దిక్కు చూశాడు.

"చదువుకున్నారా అమ్మా?"

"బండికి చదువెందుకు?"

"అది కాదమ్మా, చార్జింగ్ పెట్టడం రావాలె కదా. మీలాంటోళ్ళు సరిగ్గ పెట్టక ఖరాబ్ చేసుకుంటరు."

వందల ల్యాంపులు నా చేతి మీదుగా చార్జింగ్‌కు ఎక్కి దిగుతాయి. ఆ మాట వాడికి చెప్పాలనిపించలేదు. బండి నెట్టుకుంటూ బయటికొచ్చాను. దారంతా పళ్ళు కొరుక్కున్నాను.

మెకానిక్ భాయ్ మాత్రం బ్యాటరీలు తన దగ్గర పెట్టుకుని, నిండా చార్జింగ్ పెట్టి, బండి తానే ఎక్కి బాయి దాకా పోయి వచ్చాడు.

"బ్యాటరీకేం కాలేదక్కా. మీ ఇంట్లనే పూరా ఎక్కుత లేదు. నడుమ ఎవరన్న తీస్తుండ్రేమో చూడు."

"ఎవరు తీస్తరు భాయ్? పొద్దున చూస్తే ప్లగ్గు పెట్టే ఉంటది."

"ఏమో అక్కా. చూడున్రి."

ఈలోపు నేను రెండు మూడుసార్లు ఆలస్యంగా చేరాను. బండి కుప్పల దగ్గర ఆగిపోతే నెట్టుకుంటూ పోవాలి. ఫోర్‌మన్ సారు పిలిచి, ఇంకా ఇలాగే అయితే కిటికీ వేరేవాళ్ళకు ఇచ్చి నన్ను మళ్ళీ ఊడ్చే పనికి పంపుతానన్నాడు. కోపంగా కూడా అనలేదు. టీ తాగుతూ అన్నాడు. ఆయనకు అది ఒక మాట. నాకు మాత్రం నోట్లో మళ్ళీ బొగ్గు కరకరమంది.

ఒక రెస్టు రోజు తెల్లవారుజామున నల్లా నీళ్ళు వచ్చే వేళకు బిందె తీసుకుని దిగాను. రోజూ అంత పొద్దున దిగను, డ్యూటీ హడావిడిలో ముందురోజు సాయంత్రమే నీళ్ళు పట్టుకుంటాను. మెట్ల మలుపులోంచి చూస్తే, కింది క్వార్టర్ ఆమె వంగి నా బండి దగ్గర ఏదో చేస్తోంది. ప్లగ్గు పెడుతోంది. చార్జర్ మీద ఎర్రలైటు వెలిగింది.

నన్ను చూసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, నేను పీకలే. నేను పెడుతున్న."

"పీకిందెవరు చెల్లె?"

ఆమె తమ ఇంటి తలుపు దిక్కు చూసింది.

అప్పుడు అర్థమైంది. సాయంత్రం ఫ్యూజు పోగానే అతను బయటికి వచ్చి, ముందు నా ప్లగ్గు పీకి, తర్వాత ఫ్యూజుకు ఇంత లావు తీగ కట్టి పోతాడు. మళ్ళీ పెట్టడు. నాకు తెలిస్తే గొడవ అవుతుందని తెల్లవారి ఆమె తగిలిస్తుంది. నేను దిగేసరికి ఎర్రలైటు. నా ఎడ్డి మొహం బ్యాటరీని తిట్టుకుంటుంది. దుకాణంలో పోరడు నన్ను చదువురానిదానివి అంటాడు. సారు చీపురు చూపిస్తాడు. ఇదంతా కింద ఇంట్లో తలుపేసుకుని వేడివేడి అన్నం తినే మనిషి వల్ల.

అక్కడే బిందె పెట్టేసి పిలిచాను. బనీను మీద బయటికి వచ్చాడు. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. పడలేదు.

"అవ్ వదినా, పీకిన. ఆ బండి వచ్చిన కాంచి మా ఇంట్ల అన్నం సక్కగ ఉడుకుత లేదు."

"మీ ఇంట్ల రెండు హీటర్లు నడుస్తయి తమ్మీ. ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద నీళ్ళు. నా బండి తాగేది రెండు మూడు ఫ్యాన్లంత. ఫ్యూజు దేనికి పోతుందో నీకు తెల్వదా?"

"హీటరంటే కడుపు కోసం. బండంటే షోకు కోసం. కంపెనీ కరెంటిచ్చింది ఇంటికి, బండికి గాదు."

"హీటరుకు ఇచ్చిందా? వాడొద్దని కాగితం అంటించలేదా?"

"అందరు వాడుతుండ్రు."

"అందరు వాడితే తప్పు గాదు, నేనొక్కదాన్ని వాడితే తప్పు. గంతేనా?"

అప్పటికి చుట్టుపక్కల వాళ్ళు బిందెలతో పోగయ్యారు. ఒక్కరన్నా నా దిక్కు మాట్లాడతారని చూశాను. ఒకాయన పళ్ళు తోముకుంటూ, "పొద్దుగాల పొద్దుగాల ఏం లొల్లి, ఆడమనిషివి సర్దుకపోరాదు" అన్నాడు. సర్దుకపోవడం అంటే ఆటోలో డ్రైవర్ పక్కన అంచు మీద కూర్చోవడమని ఆయనకు తెలియకనా?

ఆనాటి నుంచి అతను దాచకుండానే పీకడం మొదలుపెట్టాడు. ఫ్యూజు పోయిన చప్పుడు వినగానే నేను గరిటె వదిలేసి కిందికి ఉరికేదాన్ని. అతను పీకి పోయేవాడు, నేను పెట్టి వచ్చేదాన్ని. ఈలోపు కరెంటు వచ్చి హీటర్ మీద కూర మాడిపోయేది. ఒకనాడు జ్వరమొచ్చి మందు మింగి పడుకున్నాను. ఫ్యూజు పోయిన సంగతే తెలియలేదు. పొద్దున లేచి చూస్తే వైరు నేల మీద పడి ఉంది.

ఆ పొద్దున బండి మట్టికుప్పల ఎగుడు ఎక్కకముందే ఆగిపోయింది. జ్వరం దిగని ఒంటితో నెట్టుకుంటూ పోయాను. బాయి వాళ్ళు మోటార్ సైకిళ్ళ మీద నన్ను దాటుకుంటూ పోయారు. "పెట్రోల్ అయిపోయిందా అక్కా?" అని ఒకడు ఎకసెక్కాలాడాడు.

ల్యాంపు రూం ముందు లైను గేటు దాకా ఉంది. కాకా ఒక్కడే, రాత్రి షిఫ్టు వాళ్ళ ల్యాంపులు తీసుకుంటూ, పొద్దటి షిఫ్టు వాళ్ళకు ఇస్తూ చెమటలు కక్కుతున్నాడు. ఫోర్‌మన్ సారు పక్కనే నిలబడి ఉన్నాడు. "ఆడామెను పెడితే గిట్లనే" అని లైనులో ఎవరో అంటున్నారు. నేను మాట్లాడకుండా లోపలికి పోయి కిటికీలో కూర్చున్నాను. టోకెన్ చూడడం, నంబరు చదవడం, లైటు వేసి చూడడం, ఇవ్వడం. ఒక్కటి కూడా తప్పు ఇవ్వలేదు.

లైనులో కింది క్వార్టర్ అతను వచ్చాడు. టోకెన్ చాపాడు.

అతని ల్యాంపు గూట్లోంచి తీశాను. నిండా చార్జ్ అయి ఉంది. నేనే ముందురోజు పెట్టాను. వేసి చూశాను, తెల్లగా వెలిగింది. ఇచ్చే ముందు అడిగాను.

"తమ్మీ, నీ ల్యాంపు ఎన్నడన్న నేను చార్జింగ్ కాంచి పీకిన్నా?"

అతను నా మొహంలోకి చూశాడు.

"ల్యాంపంటే పానం వదినా. నీ బండి షోకు. రెంటిని కలుపకు."

వెనకున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. నేను ల్యాంపు అతని చేతిలో పెట్టాను. ఇవ్వకుండా ఆపుదామని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నా కోపం ఎంతదైనా, ఆ ల్యాంపు జోలికి పోను. కాకా బతిమిలాడితే సారు ఆ ఒక్కసారికి వదిలేశాడు. "ఇదే ఆఖరు" అన్నాడు. నిజంగానే అన్నాడని ఆయన మొహం చూస్తే తెలిసింది.

షిఫ్టు దిగాక బండి నెట్టుకుంటూ మెకానిక్ భాయ్ దగ్గరికి పోయాను.

"భాయ్, దీనికి ముందల, వెనక రేకులు కొట్టి నంబరు రాయాలె."

"దీనికి నంబరు అక్కర్లేదు గదక్కా. పోలీసోళ్ళు గూడ అడగరు."

"అడగకున్నా రాయి. నాలుగు, ఒకటి, ఏడు."

"గదేం నంబరు? జిల్లా లేదు, ఏం లేదు."

"మా ఇంటాయన ల్యాంపు నంబరు."

భాయ్ చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టాడు. నూనె గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కున్నాడు. ల్యాంపు గూళ్ళ మీద ఎట్లా రాస్తారో అట్లనే, నల్ల రేకు మీద తెల్ల రంగుతో రాశాడు.

ఆ సాయంత్రం అన్నం వేళకు ఫ్యూజు టప్పుమంది. నేను కిందికి ఉరకలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. అతను టార్చిలైటు పట్టుకుని వచ్చాడు, వంగాడు, ప్లగ్గు మీద చెయ్యి వేశాడు. వెలుగు రేకు మీద పడింది. అతను ఆ నంబరు పక్కన ఏండ్లపాటు పనిచేసిన మనిషి. చెయ్యి అక్కడే ఆగింది. కాసేపు కూర్చున్నట్టే ఉండి, లేచి, ఫ్యూజు కట్టి లోపలికి పోయాడు. ప్లగ్గు అట్లనే ఉంది. పొద్దున పచ్చలైటు వచ్చింది.

ఆ తర్వాత మా కాలనీలో నా బండి జోలికి ఎవరూ రాలేదు. ఆ నంబరు ఎవరిదో నోటినోటికి పాకింది. రోడ్డు మీద పక్కకు జరిగేవారు. డ్యూటీకైతే నడిచిపో అన్న ముసలామె ఒకనాడు నా బండి ముందర ఆగి రేకుకు దండం పెట్టింది. నేను బండి మీదే కూర్చుని ఉన్నాను. నా దిక్కు చూడలేదు.

నేను టైంకు డ్యూటీకి చేరాను. కిటికీ నిలబడింది. కావలసింది దక్కింది కదా, ఇంకెందుకు కోపం అని కింది క్వార్టర్ చెల్లె ఒకసారి అడిగింది. ఎందుకుండదు? నేను కళ్ళ ముందర నిలబడి, జ్వరంతో, వట్టి గొంతుతో చెబితే ఆగని చెయ్యి, రేకు మీద మూడంకెలకు ఆగింది. రోజూ వాళ్ళ ల్యాంపులు వేసి చూసి ఇచ్చేది నేను. నన్ను చూసి కాదు, నా మొగడు చచ్చిపోయాడు కాబట్టి నా బండిని వదిలిపెట్టారు. ప్రతి పొద్దున పచ్చలైటు చూసి ఇంత సంతోషం అయ్యేది, ఆ వెంటనే ఒళ్ళు మండేది. ఏండ్ల తరబడి నేను అట్లనే తిరిగాను. బ్యాటరీలు మార్పించాను, టైర్లు మార్పించాను. నంబరు మార్చే ధైర్యం రాలేదు.

కొత్త రాష్ట్రం వచ్చింది. గోదావరిఖనిలో బండ్ల మీద ఏపీ చెరిపి టీఎస్ రాయించుకునే సందడి మొదలైంది. భాయ్ దుకాణం ముందు లైను కట్టారు. నేను బ్రేకు బిగించుకోవడానికి పోతే భాయ్ పరాచికమాడాడు.

"అందరివి మారుతున్నయి అక్కా, మీదేం మారుద్దాం?"

నవ్వడానికే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "ఆ నంబరు చెరుపు భాయ్" అన్నాను. "అది ఆయన గూటికి ఉండాలె, గీ బురదల గాదు. బ్రష్ ఇటియ్యి."

నల్ల రంగు ఆరాక, దాని మీద నా చేత్తోనే రాశాను. నా మస్టర్ నంబరు. బాయి మీద రోజూ నా పేరు ముందు పిలిచే నంబరు. అంకెలు కొంచెం వంకరపోయాయి. భాయ్ సరిచేస్తానంటే వద్దన్నాను.

ఆ సాయంత్రం వైరు కిందికి వదిలి, ప్లగ్గు పెట్టి పైకి వచ్చాను. మళ్ళీ పీకితే? మళ్ళీ మొదటి నుంచి మొదలైతే? ఫోర్‌మన్ మారాడు గానీ చీపురు మారలేదు కదా. అన్నం వేళకు ఫ్యూజు పోనే పోయింది.

అతను వచ్చాడు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు పట్టుకుని వంగాడు. టార్చిలైటు రేకు మీద పడింది. చాలాసేపు చూశాడు. తల ఎత్తి కిటికీలో ఉన్న నన్ను చూశాడు.

"వదినా, అన్న నంబరేమాయె?"

"అది ల్యాంపుది తమ్మీ. బండి నాది. నా నంబరు రాసుకున్న."

చెయ్యి ప్లగ్గుకు దగ్గరగానే ఉంది. నేను కిందికి దిగలేదు, బతిమిలాడలేదు, ఇంకో మాట అనలేదు. అతను ఆ వంకర అంకెల్ని ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, తన ఇంటి తలుపు దిక్కు తిరిగి కేకేశాడు.

"ఏమే, ఆ నీళ్ళ హీటరు బంద్ చెయ్యి! ఫ్యూజు కట్టాలె!"

లోపలి నుంచి చెల్లె గొంతు వినిపించింది. "గీ మాట అప్పుడే అంటే అయిపోతుండె గదా!"

అతను ఫ్యూజు కట్టాడు. మెట్ల కింద ఎర్రలైటు మళ్ళీ వెలిగింది. ఆ ఒక్క మాటకు అన్ని ఏండ్లు పట్టాలా అని కిటికీ చువ్వలు పట్టుకుని అట్లనే నిలబడ్డాను.

పొద్దున దిగి చూస్తే చార్జర్ మీద పచ్చలైటు ఉంది. ప్లగ్గు తీసి, వైరు చుట్టి, కింది క్వార్టర్ కిటికీ ముందర రబ్బరు హారన్ ఒకసారి గట్టిగా నొక్కి, డ్యూటీకి పోయాను.